మిరప కల్లంలో కుక్కపిల్ల: రాత్రి వేళ విసర్జన శిక్షణ, పంట పరిశుభ్రత

గుంటూరు, ప్రకాశం మైదానాలలో జనవరి నుండి ఏప్రిల్ వరకు మిరప కల్లమే రైతు కుటుంబానికి రెండవ ఇల్లు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఈ ప్రాంతంలో కొంత భాగం పల్నాడు, బాపట్ల జిల్లాలలోకి వెళ్ళినప్పటికీ నల్లరేగడి భూములు, పత్తి, మిరప పైర్లు, కల్లాల కాపలా పద్ధతి మాత్రం మారలేదు. కోసిన కాయను పది, పదిహేను రోజులపాటు ఎండబెట్టి, తేమను 10–11 శాతానికి తెచ్చి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు చేర్చేవరకు ఎవరో ఒకరు అక్కడే మంచం వేసుకుని పడుకుంటారు. ఆ మంచం పక్కన ఒక కుక్క ఉంటుంది. పాత కుక్క ముసలిదైతే ఒక పిల్లను తెచ్చుకుంటారు.

మన గ్రామాలలో కుక్కలు ఎక్కువగా చలికాలంలోనే పిల్లలను పెడతాయి. కావున ఆరు, ఎనిమిది వారాల పిల్ల ఇంటికి వచ్చే సమయమూ, తొలి కోత కాయ కల్లానికి చేరే సమయమూ దాదాపు ఒకటే అవుతాయి. పగలు నలుగురి కళ్ళు దాని మీద ఉంటాయి. అసలు చిక్కు రాత్రి వేళ వస్తుంది. సాయంత్రం మంచు తగలకుండా కుప్పగా పోసి పట్టా కప్పిన మిరపకాయలలో పగటి వేడి చాలాసేపు నిలుస్తుంది. చలికి వణికే పిల్ల ఆ కుప్ప అంచున ముడుచుకుని పడుకుంటుంది, అర్ధరాత్రి లేచి అక్కడే విసర్జిస్తుంది. ఇంట్లోనైతే వసారాలో పోసిన పత్తి మండె దానికి మెత్తని పరుపు.

చూడటానికి ఇది చిన్న విషయం. అయితే మిరప నాణ్యతను నిర్ణయించే పరీక్షలలో దీనికి స్థానం ఉంది. సుగంధ ద్రవ్యాలలో 25 గ్రాముల నమూనాకు సాల్మొనెల్లా సూక్ష్మజీవి అసలు ఉండకూడదన్నది మన దేశ ఆహార భద్రతా నిబంధన. అమెరికా సుగంధ ద్రవ్యాల వాణిజ్య సంఘం పరిశుభ్రతా ప్రమాణాలలో క్షీరదాల విసర్జితాలకు ప్రత్యేకంగా ఒక పరిమితి ఉంది. తడిసి రంగు మారిన కాయ తాలులోకి పోతుంది. తడిసిన పత్తిలో తేమ పెరిగి దూది రంగు చెడుతుంది. వీటన్నిటికంటె ముఖ్యమైనది, అదే కల్లంలో ఆడుకునే చిన్నపిల్లల ఆరోగ్యం. పశువైద్యం మన శాస్త్రం కాదు. కల్లం పరిశుభ్రత మాత్రం నిస్సందేహంగా మన బాధ్యత. ఈ వ్యాసం ఆ హద్దు మీద నిలబడి వ్రాసినది.

పిల్ల శరీరధర్మం

పుట్టిన తరువాత సుమారు మూడు వారాల వరకు కుక్కపిల్ల తనంతట తాను విసర్జించలేదు. తల్లి నాకి ప్రేరేపిస్తే తప్ప మూత్రం గాని మలం గాని రాదు. తల్లి వాటిని వెంటనే శుభ్రం చేస్తుంది. మూడవ వారం దాటాక పిల్లలు పడక విడిచి కొంత దూరం పోయి విసర్జించడం మొదలుపెడతాయి. పడుకునే చోటును పాడుచేసుకోకూడదన్న ఈ సహజ గుణమే శిక్షణకు పునాది. మనం కొత్తగా నేర్పవలసినది తక్కువే. ఉన్న గుణాన్ని సరైన చోటికి మళ్ళించడమే మన పని.

రెండవ విషయం మరింత ముఖ్యమైనది. సుమారు ఐదవ వారం నుండి తొమ్మిదవ వారం లోపు, కాలి కింద ఏ రకం నేల తగిలితే విసర్జించాలన్న ఇష్టం పిల్లలో స్థిరపడుతుంది. మట్టి మీద అలవాటైన పిల్ల మట్టినే వెదుకుతుంది. గోనె సంచి మీద, దూది మీద, టార్పాలిన్ పట్టా మీద అలవాటైన పిల్ల పెద్దదైనా వాటినే వెదుకుతుంది. కల్లంలో పరిచేవి ఈ పట్టాలే, గోనెలే కదా! కాబట్టి తొలి రెండు వారాలలో చూపే శ్రద్ధ రాబోయే పది సంవత్సరాల కల్లాలకు వర్తిస్తుంది. అందుకే తల్లి నుండి పిల్లను మరీ ముందుగా వేరు చేయకుండా, ఎనిమిదవ వారం వరకు ఆగడం, ఆ తరువాత తెచ్చిన మొదటి రాత్రి నుండే శిక్షణ ఆరంభించడం మంచిది.

మూడవది మూత్రాశయ సామర్థ్యం. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, అది మేలుకుని ఉన్నపుడు సుమారుగా అన్ని గంటలు ఆపుకోగలదన్నది శిక్షకుల లెక్క. రెండు నెలల పిల్లకు మూడు గంటలు, మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు. నిద్రలో ఇంకొంచెం ఎక్కువ సేపు ఆపుకోవచ్చు. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. పిల్ల పరిమాణం, తాగిన నీరు, చలి, ఆరోగ్యాన్ని బట్టి మారుతుంది. తిన్న తరువాత పావుగంట నుండి అరగంట లోపు, నిద్ర లేచిన వెంటనే, ఆడిన తరువాత విసర్జన అవసరం కలగడం మాత్రం దాదాపు అన్ని పిల్లలలోనూ కనిపిస్తుంది.

పడక ఏర్పాటు

పట్టణాలలో వాడే ఇనుప బోను మన కల్లంలో అవసరం లేదు. ప్రతి ఇంటా దొరికే కోళ్ళ గంప ఈ పనికి చక్కగా సరిపోతుంది. వెదురు అల్లిక వలన గాలి ఆడుతుంది, పిల్లకు మనిషి కనిపిస్తాడు, వాసన తెలుస్తుంది. గంప కింద ఒక పాత దుప్పటి పరిచి, మంచానికి చేతికందే దూరంలో ఉంచాలి. పిల్ల లేచి నిలబడటానికి, చుట్టూ తిరగడానికి, కాళ్ళు చాపి పడుకోవడానికి చాలినంత స్థలం ఉంటే చాలు. మరీ విశాలమైతే ఒక మూల పడుకుని మరొక మూల విసర్జిస్తుంది. పగలు గంపలో గంటల తరబడి మూసి ఉంచరాదు. ఎండలో అసలే ఉంచరాదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. పురుగుమందు డబ్బాలు వచ్చిన అట్టపెట్టెలు, ఎరువుల సంచులు, విత్తనశుద్ధి చేసిన పత్తి గింజల సంచులు కల్లం దగ్గర సులువుగా దొరుకుతాయి. వాటిని పిల్లకు పడకగా వేయకూడదు. పిల్ల పడకను నాకుతుంది, కొరుకుతుంది. పెద్దవాడి చేతికి అంటితే కడుక్కుంటే పోయే మందు, ఒక కిలో బరువున్న పిల్లకు ప్రాణాంతకం కావచ్చు.

పిల్ల మొదటి నాలుగైదు రాత్రులు ఏడుస్తుంది. తల్లి, తోబుట్టువులు లేని ఒంటరితనమే ఆ ఏడుపుకు కారణం. చేయి గంప అంచున ఉంచి, మాట వినిపిస్తే చాలావరకు సద్దుమణుగుతుంది. దూరంగా గుంజకు కట్టివేసి వదిలేస్తే అది అరవడం మానదు, విసర్జనకు పిలిచే ఏడుపేదో, ఒంటరితనం ఏడుపేదో మనకూ తెలియదు.

విసర్జన స్థలం

కల్లానికి, బావికి, బోరుకు, కాలువకు దూరంగా, గాలివాలుకు అవతల, ఒక బారెడు వెడల్పు బారెడు పొడవు చోటు ఎన్నుకోవాలి. గడ్డి చెక్కి, రాళ్ళు ఏరి, పొడి మట్టి లేదా ఇసుక పోయాలి. పట్టా ముక్క గాని గోనె గాని అక్కడ ఉండరాదు. ముందు చెప్పిన నేల ఇష్టం ఇక్కడే రూపుదిద్దుకుంటుంది. ఊరకుక్కలు తిరిగే దారి, మందు చల్లిన చేను గట్టు పనికిరావు. ప్రతి రాత్రి, ప్రతి పగలు అదే చోటికి తీసుకుపోవాలి. తన వాసన తగిలిన చోట పిల్ల త్వరగా పని ముగిస్తుంది.

రాత్రి కాలపట్టిక

కోతల కాలంలో రోజంతా పనిచేసిన మనిషిని రాత్రి రెండుసార్లు లేవమనడం తేలిక కాదు. ఇంటిలో ఈ భారం సాధారణంగా స్త్రీల మీదనో, చదువుకునే పిల్లవాడి మీదనో పడుతుంది. అయితే కల్లం కాపలాదారు ఎటూ రాత్రి లేస్తాడు. పట్టా గాలికి లేచిందా, మంచు దిగుతోందా, పశువులు వచ్చాయా అని ఒక చుట్టు తిరిగి వస్తాడు. పిల్ల పనిని ఆ చుట్టుతో కలిపితే అదనపు శ్రమ కొద్ది నిమిషాలే. కింది పట్టిక ఆ ఆలోచనతో కూర్చినది.

సాయంత్రం 6 గంటలకు చివరి మేత. అరగంట లోపు ఒకసారి బయటకు.
రాత్రి 8 తరువాత ఆటలు తగ్గించాలి.
రాత్రి 10 గంటలకు పడుకునే ముందు తప్పనిసరిగా ఒకసారి.
రాత్రి 1 గంటకు మొదటి కాపలా చుట్టుతో పాటు.
తెల్లవారుజామున 4 గంటలకు రెండవ చుట్టుతో పాటు.
ఉదయం 6 గంటలకు గంప ఎత్తిన మరుక్షణం.

ఎనిమిది నుండి పది వారాల పిల్లకు ఈ రెండు మధ్యరాత్రి వేళలూ అవసరం. పది, పన్నెండు వారాలకు చేరేసరికి 1 గంట వేళను క్రమంగా 2 గంటలకు, ఆపై 3 గంటలకు జరిపి, రెండింటినీ ఒకటి చేయవచ్చు. వరుసగా ఐదారు రాత్రులు పడక పొడిగా ఉంటేనే వేళను జరపాలి. నాలుగు నెలలు నిండిన ఆరోగ్యవంతమైన పిల్లలు చాలావరకు ఆరు, ఏడు గంటలు ఆపుకోగలవు.

నీటి విషయంలో ఒక అపోహ ఉంది. రాత్రి తడపకుండా ఉండాలని సాయంత్రం నుండే నీళ్ళు ఆపేవారున్నారు. చలి రాత్రులలో పడుకునే ముందు గంట సేపు గిన్నె తీసివేయడం వలన హాని లేదు. మార్చి, ఏప్రిల్ ఎండలలో, మిరప ఘాటు నిండిన కల్లంలో పిల్లకు నీరు ఆపడం ప్రమాదకరం. విరేచనాలు, వాంతులు ఉన్నపుడు ఏ కాలంలోనూ ఆపరాదు. అటువంటప్పుడు మనం మరొకసారి లేవడమే పరిష్కారం.

తీసుకుపోయే పద్ధతి

పిల్లను నడిపించకుండా ఎత్తుకుపోవాలి. నిద్ర లేచి నాలుగు అడుగులు వేస్తే చాలు, దారిలోనే మూత్రం పోస్తుంది. ఆ దారి మిరప పట్టా మీదుగా ఉంటే చెప్పనక్కరలేదు. ఒక చేతిలో పిల్ల, మరొక చేతిలో టార్చిలైటు, కాళ్ళకు చెప్పులకు బదులు బూట్లు ఉండాలి. ఎలుకలున్న చోట పాములుంటాయి. పత్తి, మిరప నిల్వల చుట్టూ ఎలుకలు తప్పవు. కట్లపాము రాత్రి సంచరించేది. రక్తపింజర గట్ల గడ్డిలో కదలకుండా ఉంటుంది. కాబట్టి ముందు చోటును వెలుగులో చూసుకుని, తరువాతే పిల్లను దింపాలి. మెడకు సన్నని తాడు ఉంటే చీకటిలోకి పరుగెత్తదు.

దింపిన తరువాత ఒకే మాట, ఒకే స్వరంతో చెప్పాలి. ఏ మాటైనా ఫరవాలేదు, ఇంటిల్లిపాదీ అదే వాడాలి. ఆడించకూడదు, పలకరింపులు వద్దు. ఐదు నిమిషాలు కదలకుండా నిలబడాలి. పని ముగించిన రెండు మూడు క్షణాలలోనే మెల్లగా మెచ్చుకుని, ఒక చిన్న ముద్ద పెట్టవచ్చు. మంచం దగ్గరకు వచ్చాక ఇచ్చే ముద్ద, తిరిగి వచ్చినందుకు అనుకుంటుందే గాని విసర్జించినందుకు అనుకోదు. ఏమీ చేయకపోతే గంపలో పడుకోబెట్టి పావుగంట తరువాత మళ్ళీ తీసుకుపోవాలి. రాత్రి బయటకు పోవడమంటే ఆట అన్న భావన కలిగితే, అవసరం లేకపోయినా గంటకోసారి లేపుతుంది.

గాఢ నిద్ర నుండి హఠాత్తుగా లేచి గంపలో గుండ్రంగా తిరగడం, నేల వాసన చూడటం, సన్నగా మూలగడం అవసరానికి గుర్తులు. అప్పుడు గడియారం చూడకుండా లేవాలి.

కల్లంలో విసర్జించినపుడు

ముక్కును మూత్రంలో రుద్దడం, కర్రతో బెదిరించడం, మరునాడు ఉదయం చోటు చూపించి కొట్టడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. గడిచిన పనికీ పడే దెబ్బకూ ఉన్న సంబంధాన్ని పిల్ల గ్రహించలేదు. మనిషి ఎదుట విసర్జించడమే తప్పని అది నేర్చుకుంటుంది. ఆపై మనం తీసుకుపోయిన చోట బిగపట్టి, మనం కనిపించని కుప్ప వెనుక విసర్జిస్తుంది. కొట్టినకొద్దీ కల్లం పాడవుతుందన్నమాట. మన కళ్ళ ముందే మొదలుపెడితే మాత్రం చప్పట్లతో ఒకసారి ఆపి, వెంటనే ఎత్తుకుని చోటికి చేర్చాలి.

కొందరు కుక్క రాకుండా కుప్ప చుట్టూ మిరప పొడి చల్లుతారు. కాళ్ళకంటిన పొడిని పిల్ల నాకి, కళ్ళు రుద్దుకుని బాధపడుతుందే తప్ప ఏమీ నేర్చుకోదు.

శుభ్రపరచడంలో రెండు భాగాలున్నాయి. మొదటిది పంట. తగిలిన కాయలను, వాటి చుట్టూ ఉన్న జానెడు మేర కాయలను తీసి పారవేయాలి. కడిగి ఆరబెట్టి తిరిగి కలపడం వలన కలుషితం మిగిలిన రాశికి పాకుతుంది, తడిసిన కాయ బూజుకు లోనవుతుంది. రెండవది పట్టా. తడిని పాత గుడ్డతో అద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. అమ్మోనియా ఉన్న ద్రావణాలు వాడరాదు. వాటి వాసన మూత్రపు వాసనను పోలి, పిల్లను మళ్ళీ అక్కడికే రప్పిస్తుంది. పత్తి మండెలో తడిసిన దూదిని వేరు చేసి తీసివేయాలి.

మలం, నులిపురుగులు, టీకాలు

ఇక్కడ ఒక జీవశాస్త్ర విషయం రైతుకు తప్పక చెప్పాలి. కుక్కలలో ఉండే టాక్సోకారా కానిస్ అనే ఏలికపాము తల్లి గర్భంలో ఉన్నపుడే పిల్లకు సంక్రమిస్తుంది, పాల ద్వారానూ వస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా కనిపించే పిల్ల మలంలోనూ దాని గుడ్లు ఉండవచ్చు. ఆ గుడ్లు మలంతో బయటపడిన వెంటనే అంటువ్యాధి కలిగించవు. నేలలో రెండు, మూడు వారాలు గడిచాక ఆ శక్తిని పొందుతాయి, ఆపై అనుకూల పరిస్థితులలో సంవత్సరాల తరబడి బతుకుతాయి. మట్టిలో ఆడి చేయి నోటిలో పెట్టుకునే పిల్లల శరీరంలో ఈ లార్వాలు కాలేయానికి, ఊపిరితిత్తులకు, కొన్ని సందర్భాలలో కంటికి చేరి చూపును దెబ్బతీస్తాయి. కొంకిపురుగు లార్వాలైతే చెప్పులు లేని పాదం చర్మంలోకి చొచ్చుకుపోతాయి.

ప్రతి ఉదయం మలాన్ని అడుగు మట్టితో సహా పారతో ఎత్తి, అడుగున్నర లోతు గోతిలో పూడ్చితే గుడ్లకు ఆ రెండు మూడు వారాల గడువు కల్లం నేల మీద దొరకదు. నిర్ణీత స్థలం ఎందుకని అడిగే రైతుకు ఇదే సమాధానం. పది చోట్ల పడిన మలాన్ని ఎవరూ ఏరలేరు, ఒక చోట పడినది ఒక నిమిషం పని. ఈ మలాన్ని పెంటకుప్పలో గాని, కంపోస్టులో గాని, కూరగాయల మడిలో గాని వేయరాదు.

నులిపురుగుల మందు రెండవ వారం నుండి ప్రతి రెండు వారాలకు, మూడు నెలల తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆపై మూడు నెలలకొకసారి పశువైద్యుని సలహాపై ఇవ్వాలి. ఆరు, ఎనిమిది వారాల నుండి పార్వో తదితర వ్యాధుల టీకాలు, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, సంవత్సరానికి తిరిగి వేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలోని రేబిస్ మరణాలలో సుమారు 36 శాతం మన దేశంలోనే సంభవిస్తున్నాయి. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారా వచ్చేదే. కల్లం కాపలా కుక్కకు టీకా వేయించడం ఇంటివారికి వేయించే రక్షణ.

శిక్షణ కుదరడం లేదంటే కొన్నిసార్లు కారణం వ్యాధి అవుతుంది. మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రం పోయడం, ముక్కడం, మూత్రంలో రక్తం, అంతకుముందు పొడిగా ఉన్న పడక మళ్ళీ తడవడం మూత్రనాళ వ్యాధికి సూచనలు. నెత్తుటి విరేచనాలు, వాంతులు, మందకొడితనం పార్వో కావచ్చు. టీకా లేని పిల్ల దానితో కొద్ది రోజులలోనే చనిపోతుంది. అటువంటప్పుడు 1962 నంబరుకు ఫోన్ చేయడం గాని, దగ్గరి పశువైద్యశాలకు తీసుకుపోవడం గాని ఆలస్యం చేయరాదు.

ఎలుక మందు, పురుగుమందు

ఎలుకల నివారణకు మనమే సిఫారసు చేసే ఎర ఏమిటో గుర్తు తెచ్చుకోవాలి: 96 భాగాల నూకలు, 2 భాగాల నూనె, 2 భాగాల జింక్ ఫాస్ఫైడ్. నూనె పట్టించిన నూకలు ఎలుకకు ఎంత రుచో కుక్కపిల్లకూ అంతే రుచి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. కాబట్టి ఎరను బొరియల లోపలే పెట్టి మూయాలి. ఎర పెట్టిన చోట్లను కాపలాదారుకు చూపాలి. ఆ రాత్రులు పిల్లను తాడు లేకుండా దింపరాదు. ఆర్గానోఫాస్ఫేటు మందు చల్లిన చేను నుండి వచ్చిన పిల్ల చొంగ కార్చడం, వణకడం, కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడం విషప్రభావ లక్షణాలు. అదుపు లేకుండా మూత్రం, విరేచనం పోవడమూ వాటిలో ఒకటి. దానిని శిక్షణ లోపంగా భావించి దండించేలోగా ప్రాణం పోవచ్చు. సకాలంలో వైద్యుడు అట్రోపిన్ ఇస్తే బతికే అవకాశం ఉంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

కోత అనంతర యాజమాన్యంపై మనం ఇచ్చే సలహాలలో పట్టాల వాడకం, తేమ శాతం, బూజు విషం తగ్గింపు ఉంటాయి. "కల్లంలోకి కుక్కలను, పశువులను రానీయకండి" అన్న ఒక వాక్యమూ ఉంటుంది. రాత్రి కాపలాకు కుక్క కావలసిన రైతుకు ఆ వాక్యం ఆచరణయోగ్యం కాదు. అతను తల ఊపి, మరచిపోతాడు. కుక్క ఎక్కడ పడుకోవాలి, ఎక్కడికి, ఏ వేళకు పోవాలి అని చెప్పగలిగితే అదే సలహా ఆచరణలోకి వస్తుంది. రైతు అవసరాన్ని కాదనకుండా, దాని చుట్టూ పరిశుభ్రతను అమర్చడం విస్తరణ పనిలో ముఖ్య సూత్రం.

రావెప్ కార్యక్రమంలో గ్రామాలలో ఉండే విద్యార్థులు దీనిని చిన్న అధ్యయనంగా చేపట్టవచ్చు. పిల్ల ఉన్న కొన్ని కల్లాలను ఎన్నుకుని, 21 రాత్రులపాటు ఒక నోటు పుస్తకంలో మేత వేళ, నీటి వేళ, బయటకు తీసుకుపోయిన వేళలు, నిర్ణీత స్థలంలో విసర్జనలు, ఇతర చోట్ల విసర్జనలు, తీసి పారవేసిన కాయల బరువు నమోదు చేయాలి. కొన్ని కల్లాలలో పట్టిక అమలుచేసి, కొన్నింటిలో రైతు అలవాటునే కొనసాగనిచ్చి పోల్చవచ్చు. పారవేసిన కాయల బరువును రైతు ఎదుటే తూచి చూపితే, మన ఉపన్యాసం కంటె ఆ తూకమే ఎక్కువ నచ్చజెబుతుంది. నులిపురుగుల పరీక్షకు పశువైద్య సహోద్యోగులను కలుపుకుంటే రెండు శాస్త్రాలకూ ప్రయోజనం.

సిఫారసులు క్లుప్తంగా ఇవి: ఎనిమిదవ వారం తరువాతే పిల్లను తేవాలి. మొదటి రాత్రి నుండే గంపలో, మంచం పక్కన పడుకోబెట్టాలి. మట్టి చోటు ఒకటే ఉండాలి. కాపలా చుట్టుతో కలిపి రాత్రి 1, 4 గంటలకు ఎత్తుకుపోవాలి. కొట్టరాదు. ఉదయాన్నే మలం పూడ్చాలి. నులిపురుగుల మందు, టీకాలు వేళకు ఇప్పించాలి. ఎలుక ఎరలకు దూరంగా ఉంచాలి. ఇవి పాటించినచోట సాధారణంగా తొలి కోత కాయ టిక్కీకెక్కి, మలి కోత కల్లానికి వచ్చేసరికి పిల్ల పట్టా మీద కాలు పెట్టకుండా తన చోటికి తానే పోవడం నేర్చుకుంటుంది.